సుకుమారి కెమెరా, నాయన శెనక్కాయలు

సుకుమారి ఎప్పుడూ చెప్పి రాదు. తాడిపత్రిలో బస్సెక్కి, అనంతపురంలో దిగి, మా వీధి మొదట్లోకి వచ్చాక ఫోను చేసి "ఇంట్లోనే ఉండావా, యాడన్నా తిరగను పోయినావా?" అని అడుగుతుంది. ఉంటే సరి. లేకపోతే పక్కింటివాళ్ళ అరుగు మీద కూర్చుని, నేను వచ్చేలోపల వాళ్ళ ఇంటి సంగతులన్నీ కనుక్కుని ఉంటుంది. ఆ పేరు పెట్టిన వాళ్ళ నాయనను తలుచుకుని మేము కాలేజీ రోజుల నుంచీ నవ్వుకుంటూనే ఉన్నాం. మనిషి దాదాపు ఆరడుగులు. గొంతు సంగతి చెప్పక్కర్లేదు. నర్సుగా పనిచేసిన రోజుల్లో ఆమె వార్డులో అడుగుపెడితే సగం జ్వరాలు భయంతోనే దిగేవని తనే చెప్పుకుంటుంది. మొన్న కూడా అట్లాగే వచ్చింది. చంకలో ఉన్న తోలు సంచిని టేబుల్ మీద పెట్టి, "ఇది నీకే. మళ్ళ తెరుద్దువు లే. ముందు ఉగ్గాని చెయ్యే, కడుపులో ఏమీ లేదు" అని కుర్చీలో కూలబడింది.

సంచి తెరవక ముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. ముదురు ఇటిక రంగు తోలు. భుజానికి తగిలించుకునే పట్టీ ఒకచోట తెగితే మైనం పూసిన దారంతో కుట్టినట్టు కనబడుతోంది. ఆ కుట్టు మా నాయనది. బొరుగులు నీళ్ళలో వేసి, గట్టిగా పిండి, పోపు పెడుతున్నానన్న మాటే గానీ నా చూపంతా టేబుల్ మీదే ఉంది. "మాడుతాంది చూడు" అని సుకుమారి అరిచినప్పుడు గానీ ఎండుమిర్చి నల్లబడింది తెలియలేదు.

మా ఇల్లు ధర్మవరంలో మగ్గాల వీధిలో ఉండేది. ఇల్లంటే ముందు గదిలో మగ్గం, అది వదిలిన చోట మేము. తెల్లవారితే మొదట వినబడేది మగ్గం చప్పుడే, కోడి కూత ఆ తర్వాత. ఉడికించిన పట్టు వాసన ఎట్లా ఉంటుందని ఈ మధ్య ఒకమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను. సబ్బు వాసన, తడి గోడ వాసన, దాని మీద కొంచెం బెల్లం పాకం. ఆ వాసన మా జడల్లోనూ, పుస్తకాల్లోనూ, రాగిసంగటి ముద్దలోనూ ఉండేది. కాలేజీకి పోయే ముందు నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి పోవాలి. కండె అంటే పేక నూలు చుట్టే చిన్న పుల్ల, దాన్నే నాయన నాడెలో పెట్టి అటూ ఇటూ విసిరేవాడు. పక్కనే మా అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని నా వేళ్ళనే చూస్తూ ఉండేది. దారం కొంచెం బిగిసిందంటే మోచేతి మీద ఒకటి పడేది. "పట్టును గుంజగూడదే పాపా, బుజ్జగించల్ల. గుంజితే అలుగుతాది" అనేది. ఆరేళ్ళ వయసు నుంచీ విన్న మాట అది. చెవిలోంచి పోయి చేతివేళ్ళలో కూర్చుంది. ఆ మాటే తర్వాత నా కొంప ముంచుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

నాయనకు ఒక అలవాటుండేది. నేసేటప్పుడు ఎవరేమడిగినా జవాబు అంకెల్లో వచ్చేది. "నాయనా, కాలేజీలో రేపు సెలవు" అంటే "పదేడు, పద్దెనిమిది, సరే పాపా, పంతొమ్మిది" అనేవాడు. బుటాలకు పోగులు లెక్కపెడుతున్నాడన్న మాట. మా వీధిలో చాలామంది మగ్గం పైన అట్టలు పెట్టుకుని బుటాలు నేసేవాళ్ళు, అట్టలో ఏ బొమ్మ ఉంటే చీర మీద ఆ బొమ్మ దానంతటదే పడేది. నాయన మాత్రం కొంగులో కొన్ని బుటాలను వేలితో పోగులెత్తి నేసేవాడు. వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్న విద్య. మా కాలానికి ఆ పని చేసేవాళ్ళు వీధి మొత్తం మీద ఇద్దరో ముగ్గురో మిగిలారు.

ఆ ఏడు ఆయనకు కళ్ళు మసకబారడం మొదలైంది. మగ్గం మీద కప్పులో వెలుతురు కోసం పెట్టుకున్న గాజు పెంకును రోజూ నిచ్చెనేసి తుడిచేవాడు, తప్పు దానిదే అన్నట్టు. చివరికి ఒకరోజు అన్నం తింటూ, "ఇంగ వేలిబుటా పని నాతో కాదు. ఈ పడుగులో కడపటి చీర ఉండాది గదా, దాంతో సరి. దాంట్లో నాకు నచ్చింది ఏస్తా" అన్నాడు. ఆయనకు నచ్చింది ఏమిటంటే శెనక్కాయలు. మామిడిపిందె కాదు, హంస కాదు, నెమలి కాదు. ఒక్కొక్క బుటాలో రెండు ఆకులు, ఒక చిన్న పువ్వు, కింద ఊడలాంటి తీగకు వేలాడుతూ రెండు గింజల కాయ.

పడుగంటే మగ్గం మీద పొడుగునా కట్టే పోగులు, ఒక్కో పడుగుకు కొన్ని చీరలు వస్తాయి. ఆ పడుగు ఇచ్చిన షావుకారు ఈ సంగతి విని స్వయంగా మా ఇంటికి వచ్చాడు. "ఏమప్పా, పెండ్లికూతురు ఎవురన్నా శెనక్కాయల చీర కట్టుకోని పీటల మీద కూర్చుంటాదా?" అన్నాడు. నాయన నాడె ఆపలేదు. "ఈ కరువు నేలలో వానపడితే మొదట పూసేది ఏంది? ఆ చెట్టే గదా. అది పెండ్లిలో లేకుంటే ఎట్లన్నా?" అన్నాడు. షావుకారు నవ్వి, "ఒక్క కొంగులోనే ఏస్కో. అడిగితే మొగ్గలని చెప్పుకుంటా" అని పోయాడు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. ఫొటోల పిచ్చి ముదిరి ఉంది. బెంగళూరులో ఉండే మామ ఒక డబ్బా కెమెరా ఇచ్చి పోయాడు. ఒక బొత్తం, ఒక కన్ను, అంతే. దాంతో నేను తీసిన ఫొటోల్లో మనుషులకు తలలు ఉండేవి కావు, లేదంటే కాళ్ళు ఉండేవి కావు. అవ్వ వాటిని వెలుతురుకు పెట్టి చూసి, "నా తలకాయ యాడ పెట్టినావే?" అనేది. ఆ డబ్బాతో నాయన బుటా తీస్తే తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదని నాకు తెలుసు. మా ఇంట్లో నాయన నేసిన చీర ఒక్కటి కూడా ఉండేది కాదు. ఏ నేతగాడి ఇంట్లోనైనా అంతే. మగ్గం మీద నుంచి కోసి, మడతపెట్టి, షావుకారుకు ఇస్తే ఇంక అది ఎవరి పెళ్ళిలో ఉందో, ఏ ఊళ్ళో ఉందో తెలియదు. ఎన్ని వందల చీరలు నేశాడో, ఒక్కదానికీ గుర్తు లేదు. కనీసం ఈ కడపటి చీరనైనా, నాయన ముఖమూ ఆయన చేతి పనీ ఒకే ఫొటోలో కనబడేటట్టు తీసి ఉంచుకోవాలని నాకు పట్టుదల పుట్టింది. అది తప్పిపోతే మళ్ళీ దొరకదు.

కాలేజీలో నా పక్కన కూర్చునే సుకుమారి దగ్గర అసలైన కెమెరా ఉండేది. వాళ్ళ నాయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడ పనిచేసి తన దేశానికి వెళ్ళిపోతూ ఒక దొరసాని డాక్టరమ్మ దాన్ని ఆయన చేతిలో పెట్టింది. ఆయనకు సూదిమందు తప్ప ఏ యంత్రమూ తెలియదు. సుకుమారి దాంతో వచ్చిన చిన్న పుస్తకం చదివి అంతా నేర్చుకుంది. చుట్టూ అంకెలు చెక్కిన పెద్ద అద్దం, తిప్పితే దూరంగా ఉన్నది దగ్గరికీ, మసకగా ఉన్నది తేటకీ వచ్చేది. మొదటిసారి అందులోంచి చూసినప్పుడు వేపచెట్టు మీది చీమ కాళ్ళు కూడా కనబడ్డాయి. నాకు దాహం వేసినట్టయింది.

ఆ కెమెరాను ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. నేను పదిహేను రోజులు వెంటబడ్డాను. నోట్సులన్నీ రాసిపెట్టాను, బస్సులో కిటికీ సీటు వదిలిపెట్టాను. చివరికి చీర సంగతి చెప్పాను. అప్పటిదాకా చేస్తున్న ఎగతాళి ఆపేసింది. "మీ నాయన శెనక్కాయలు ఏస్తాండాడా? చీర మీదనా?" అని రెండుసార్లు అడిగింది. ఆ ఆదివారం చర్చి అయిపోయాక నన్ను మిషన్ కాంపౌండులో కూర్చోబెట్టి, రెండు గంటలు పాఠం చెప్పింది. రీలు ఎక్కించడం ఒకటికి మూడుసార్లు చూపించింది. "ఇదో, ఈ కొసను ఈ గాడిలో లోపలికంటా దూర్చల్ల. బిగించి గుంజల్ల. మూతేసినంక ఈ పక్క మీట తిప్పితే ఆ పక్క గుండీ దానంతట అదే తిరగల్ల. తిరిగితేనే రీలు పోతాండాదని. అర్థమైందా?" అంది. అర్థమైందన్నాను. "అద్దం మీద వేలు పడితే నీ వేలు ఇరుస్తా. గురువారం మీ ఇంటికొచ్చి తీసుకపోతా" అని, సంచిని నా భుజానికి తనే తగిలించింది. దారిలోనే పట్టీ తెగింది. ఇంటికి చేరేదాకా బిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొచ్చాను. నాయన చూసి, ఏమీ అడక్కుండా మైనం దారం తీసి కుట్టిపెట్టాడు.

మర్నాడు చీర కోసే రోజు. పొద్దున్నే రీలు ఎక్కించడానికి కూర్చున్నాను. కొసను గాడిలో పెట్టాను. బిగించి గుంజమని సుకుమారి చెప్పింది గుర్తుంది. కానీ నిగనిగలాడుతున్న ఆ రీలును చూస్తే నా వేళ్ళకు అది పట్టులాగానే కనబడింది. గుంజబోతే మోచేయి దానంతటదే భయపడింది. కొసను కొద్దిగా తగిలించి, కొంచెం వదులు పెట్టి, బుజ్జగించి మూత వేశాను. మీట తిప్పితే ఎంతో మెత్తగా తిరిగింది. అంకె ఒకటి పడింది. డబ్బా కెమెరాలో అంకె కనబడిందంటే రీలు జరిగినట్టే, ఇందులోనూ అంతే అనుకున్నాను. ఆ పక్క గుండీ తిరగలేదు. చూశాను కూడా. మంచి కెమెరాలో దేనికీ శ్రమ ఉండదు కాబోలు అనుకున్నాను.

ఆ పొద్దు మా ఇంట్లో జరిగిన హడావుడి ఏ పెళ్ళిలోనూ చూడలేదు. నీళ్ళు నాలుగు రోజులకోసారి వచ్చే ఊళ్ళో అవ్వ ఒక చెంబెడు నీళ్ళతో ముఖం కడుక్కుంది, అదీ రెండుసార్లు. నాయన తెల్ల పంచె కట్టాడు. చీర కోసి, చాప మీద కొంగు పరిచారు. గాజు పెంకులోంచి పడ్డ వెలుతురులో శెనక్కాయలు నిజంగానే అప్పుడే పీకిన వాటిలాగా ఉన్నాయి. నేను ఒక్కొక్క బుటా తీశాను. నాయన చీర పట్టుకుని నిలబడితే తీశాను. అవ్వ తల ఉండేటట్టు ప్రత్యేకంగా తీశాను. అమ్మను భుజం మీద వేసుకోమంటే వెనక్కి జరిగింది. "ఎవురో పెండ్లికూతురు కట్టుకునేది. నా సెమట తగలగూడదు" అంది. నాయన కొంగు ఎత్తి ఆమె భుజం మీద తనే వేసి, "క్షణంలో ఏం మాసిపోతాదే? నిలబడు" అన్నాడు. అమ్మ సిగ్గుతో తల వంచుకుంది. నేను "ఇట్ల చూడు, ఇట్ల చూడు" అని అరుస్తున్నాను. నాయన నేసిన పట్టుచీరను మా అమ్మ వంటి మీద వేసుకున్నది ఆ అర నిమిషమే.

ముప్పై ఆరు ఫొటోల రీలు. అంకె నలభై దాకా పోయింది. ఇదీ మంచి కెమెరా గొప్పతనమే అనుకున్నాను. వెనక్కి చుట్టబోతే మూడు చుట్లకే తేలికైపోయింది. అప్పుడైనా బుర్ర వెలగాలి కదా! వెలగలేదు. మధ్యాహ్నం షావుకారు మనిషి వచ్చి చీర తీసుకుపోయాడు. నేను రీలు తీసుకుని స్టూడియోకు పరిగెత్తాను. స్టూడియో అన్న దాన్ని తీసుకుని, "కుళాయి వచ్చిననాడు కడుగుతా" అన్నాడు. మా ఊళ్ళో ఫొటోలైనా, పిల్లలైనా, కుళాయి వచ్చిన రోజే కడిగేది. గురువారం రమ్మన్నాడు.

గురువారం పొద్దున కెమెరా భుజానికి తగిలించుకుని పోయాను. ఆయన తడి రీలును కిటికీకి పెట్టి చూపించాడు. కొస నుంచి కొస దాకా గాజులాగా తేటగా ఉంది. అందులోంచి వీధిలో పోయే ఎద్దులబండి కనబడుతోంది. "ఏమ్మా, రీలు ఒక్క అడుగన్నా జరగలేదు. డబ్బీలో నుంచి బయటికే రాలేదు. ఎట్ల ఎక్కించినావు?" అని అడిగాడు. ఎట్లా ఎక్కించానో చెప్పాను. వదులుగా పెట్టానని, పట్టును గుంజకూడదు కదా అని. ఆయన నవ్వడానికి నోరు తెరిచి, నా ముఖం చూసి మూసుకున్నాడు. నేను అక్కడే బల్ల మీద కూర్చుని ఏడ్చేశాను. పరీక్ష తప్పినా అంత ఏడవలేదు. అమ్మ భుజం మీద కొంగు, నాయన తెల్ల పంచె, శెనక్కాయలు, ఏవీ లేవు. చీర ఎప్పుడో బస్సెక్కి పోయింది.

స్టూడియో అన్నకు జాలి వేసింది. పెద్ద డబ్బాలోంచి చిన్న ముక్క కత్తిరించి, చీకటి గదిలో డబ్బీలో చుట్టి తెచ్చాడు. "ఆరు ఫొటోలు వస్తాయి. కెమెరా ఉన్నప్పుడే మీ నాయననన్నా తీసుకో. ఒక బిందె నీళ్ళు నీ కోసం ఆపుతా. పొద్దు మునిగేలోపల తెచ్చియ్యి" అన్నాడు. ఈసారి రీలు తనే దగ్గరుండి ఎక్కించాడు. గుంజి, బిగించి.

ఇంటికి పోయేసరికి సుకుమారి అప్పటికే వచ్చి అవ్వ పక్కన కూర్చుని ఉంది. విషయం విని లేచి నిలబడింది. మా ఇంటి కప్పు ఎత్తు తక్కువ, తల తగిలింది. "మూడుసార్లు చెప్పితినే! గుండీ తిరగల్లని మూడుసార్లు చెప్పితినే!" అని అరిచింది. అవ్వకు విషయం అర్థమై, "గుంజగూడదని నేనే నేర్పిస్తి" అని గొణుక్కుంది. నాయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని ఖాళీగా కూర్చుని ఉన్నాడు, కొత్త పడుగు ఇంకా రాలేదు. ముగ్గురం ఏడుపు ముఖాలతో ఉంటే ఆయన మాత్రం మగ్గం వైపు చూస్తున్నాడు.

"చీర యాడికి పోయింది? తోక ఈడే ఉండాది గదా" అన్నాడు.

నేతవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. చీర కోసినప్పుడు పడుగు పోగులను మొత్తం తీసెయ్యరు. కొంత కొస మగ్గం మీదే వదిలి, కొత్త పడుగు వచ్చాక పాత పోగు కొసకు కొత్త పోగు కొస మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు, ఒక్కొక్కటిగా. "మా నాయన ఏసిన పడుగుకు నేను అతికినా. దానికి ఇంగొకటి, దానికి ఇంగొకటి. ఈ మగ్గం మీద ఇంతవరకూ తెగింది లేదు" అన్నాడు నాయన. అతుకు కోసం వదిలింది పోను ఇంకా జానెడు పడుగు ఎక్కువ ఉందట. "జానెడులో ఒక కాయ పడుతుంది. కండె తే పాపా" అన్నాడు.

మిగిలిపోయిన జరీతో కండె చుట్టాను. దారం బిగిసినా ఈసారి మోచేతి మీద దెబ్బ పడలేదు. నాయన వంగి, ముక్కు దాదాపు పోగులకు ఆనించి, వేలితో ఎత్తడం మొదలుపెట్టాడు. "నాలుగు, అయిదు." సుకుమారి నా వెనక నిలబడి, "ముఖాన్ని తేటగా పెట్టుకో. ఆగు. ఇప్పుడు" అంటోంది. మొదటిది తీశాను. మీట తిప్పాను. ఆ పక్క గుండీ తిరిగింది. "తిరిగింది!" అని అరిచాను. "తిరిగిందా?" అంది అవ్వ. "తిరిగిందవ్వా!" అంది సుకుమారి. రెండో ఫొటోకూ అంతే. నాయన లెక్క తప్పింది, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. నాలుగో ఫొటోకు వీధిలోవాళ్ళు కూడా గుమ్మంలో చేరి "తిరిగిందా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆరోది ఒక్కటే మిగిలి ఉండగా బుటా పూర్తయింది. నాయన దాన్ని వేలితో చూపిస్తూ, మా గోలకు తట్టుకోలేక తల వెనక్కి వేసి నవ్వాడు. ఆ నవ్వు మీద బొత్తం నొక్కాను.

పొద్దు మునగకముందే స్టూడియోకు చేరాలని రీలు వెనక్కి చుట్టి, తీసుకుని పరిగెత్తాను. నేను తిరిగి వచ్చేసరికి సుకుమారి కెమెరా సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది. నాయన నేసిన ముక్కను కోసేసి, అతుకు కోసం పోగులు సరిచేసుకుంటున్నాడు. "ఆ జానెడు గుడ్డ ఏదమ్మా?" అని అడిగాను. "యాడనో పెట్టినా లే" అంది అమ్మ. అమ్మ యాడనో పెట్టిందంటే అది క్షేమంగా ఉన్నట్టే, మనకు మాత్రం దొరకదు. పెళ్ళిళ్ళ పత్రికలు, పిల్లల పాలపళ్ళు, అన్నీ అట్లా యాడనో ఉండేవి. తర్వాత పరీక్షలు, ఆ తర్వాత నా పెళ్ళి, ఆ గుడ్డ మాట మరిచిపోయాను. అమ్మ పోయాక ఆమె పెట్టెంతా వెదికాను. దొరకలేదు.

ఆ ఆరో ఫొటో ఇప్పటికీ అనంతపురంలో మా ముందు గదిలో ఉంది. నలుపు తెలుపు. నాయన ముఖంలో ఒక్కొక్క ముడతా తేటగా ఉంది, నవ్వుకు కళ్ళు మూసుకుపోయాయి. కానీ ముఖాన్ని తేటగా పెట్టుకోవడంలో కింద వేలి దగ్గరున్న బుటా మసకైపోయింది. ఏదో చూపిస్తున్నాడని తెలుస్తుంది, ఏమిటో తెలియదు. వచ్చినవాళ్ళు "ఏం చూపిస్తున్నారు?" అని అడుగుతారు. శెనక్కాయ అంటే తమాషా అనుకుంటారు. తర్వాత నేను అనంతపురంలో స్టూడియో పెట్టి ముప్పై ఏళ్ళు పెళ్ళి ఫొటోలు తీశాను. చిలమత్తూరు దాకా, సోమందేపల్లె దాకా, ఎవరు పిలిచినా పోయాను. ఆడపెళ్ళివారు ఆడమనిషి అయితే మేలని పిలిచేవాళ్ళు. నేను కొంగు పరిచి అంత శ్రద్ధగా తీస్తుంటే పెళ్ళికూతుళ్ళంతా మురిసిపోయేవాళ్ళు. నేను శెనక్కాయల కోసం చూసేదాన్ని. ఎక్కడా కనబడలేదు. ఇప్పుడు ధర్మవరంలో మా పాత వీధిలో మోటారు మగ్గాలు, ఆ ఇంటి ముందు గదిలో సెల్ ఫోన్లు బాగుచేసే అంగడి. నా ఫోనులో మనవరాలు అన్నం తిన్న ఫొటోలే నాలుగు వందలు ఉంటాయి. రీలు జరగలేదన్న భయం లేదు, కుళాయి కోసం కాచుకోవడం లేదు. బాగానే ఉంది, నేనేమీ పాతకాలాన్ని మెచ్చుకోను. కానీ ఫోను తీస్తే మా ఇంట్లో ఎవరూ ముఖం కడుక్కోరు.

ఉగ్గాని రెండు ప్లేట్లు తిని, టీ తాగి, సుకుమారి చెయ్యి తుడుచుకుంటూ "ఇప్పుడు తెరువు" అంది. తెరిచాను. కెమెరా ఒక గుడ్డలో చుట్టి ఉంది. విప్పి పక్కన పెట్టబోయాను. చేతికి జరీ తగిలింది.

జానెడు గుడ్డ. రంగు వెలిసింది, అంచులు పోగులు లేచాయి. మధ్యలో రెండు ఆకులు, ఒక పువ్వు, రెండు గింజల కాయ.

"ఇది నీ దగ్గర..." అన్నాను.

"నీకు తెలుసనుకుంటినే! ఆ పొద్దు నేను పోతాంటే మీయమ్మ సంచిలో పెట్టింది. అరువు తెచ్చుకున్న గిన్నె ఉత్తది పంపగూడదు పాపా, ఈ సంచీ గిన్నె లాంటిదే అనింది. అప్పట్నుంచీ అద్దం తుడిచేది దీంతోనే. ఒక్క గీత పడలేదు చూడు."

అమ్మ మీద నాకు ఎంత కోపం వచ్చిందో, అంత నవ్వూ వచ్చింది. ఇంట్లో శెనక్కాయలు బస్తాకు బస్తా ఉన్నాయి, దోసెడు పోసి పంపొచ్చు కదా! ఆమె మాత్రం ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ముక్కను, తన భుజం మీద కొంగు వేసిన ఫొటో కూడా రాలేదని తెలిసి, అందులో పెట్టి పంపింది. ముప్పై ఏళ్ళు నేను ఎవరెవరి పెళ్ళిళ్ళలోనో వెదికితే, అది తాడిపత్రిలో సుకుమారి బీరువాలో అద్దం తుడుస్తూ ఉంది. కళ్ళు తుడుచుకోవడానికి దాన్నే ఎత్తబోయి ఆగాను.

"నా చేతులు వణుకుతాండాయి, ఇంగ ఇది నీకే" అంది సుకుమారి. "మీయమ్మ ఉత్త సంచి పంపలేదు. నేనూ ఉత్తది తేలేదు." సంచి పక్క అరలో కొత్త రీలు ఉంది. వాళ్ళ మనవరాలు ఎక్కడి నుంచో తెప్పించిందట.

సుకుమారిని నాయన ఫొటో పక్కన నిలబెట్టాను. గుడ్డను ఆయన వేలి కింద, సరిగ్గా మసక ఉన్న చోట పట్టుకోమన్నాను. "వణుకుతాంది" అంది. "గోడకు ఆనించు" అన్నాను. రీలు కొసను గాడిలో లోపలికంటా దూర్చి, అవ్వను మనసులో క్షమించమని అడిగి, గట్టిగా గుంజాను. మూత వేసి అద్దంలోంచి చూస్తే నాయన నవ్వూ శెనక్కాయా రెండూ తేటగా ఉన్నాయి. బొత్తం నొక్కి, మీట తిప్పాను.

"తిరిగిందా?" అంది సుకుమారి, అచ్చం మా అవ్వ గొంతుతో.

గుండీ మీద వేలు పెట్టి చూశాను. "తిరిగింది" అన్నాను.